దుమ్ముకు ఎం-బుక్‌లో పేజీ లేదు

ప్రకృతి ప్రేమ పొంగిపొర్లే రచనలు కరువైపోయాయని బాధపడేవాళ్లు ఒక్కసారి హైవే కాంట్రాక్టు పత్రాలు తిరగేయాలి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల పుస్తకంలో 111వ క్లాజు ఉంది. మట్టి తవ్విన గుంతలు సరిచేయాలట. వాగుల్లోకి బురద పోనీయొద్దట. డాంబరు, కంకర కలిపే హాట్‌మిక్స్ ప్లాంటు పొగ ఊరి మీదికి రాకూడదట. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలట, పక్క చేలు పాడవకూడదట. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. తుడుచుకునేలోపే అసలు మాట వచ్చేస్తుంది: ఇవన్నీ పనిలో కలిసినవే, వీటికి విడిగా కొలత లేదు, విడిగా చెల్లింపూ లేదు. సైట్ మీద దీన్ని ‘ఇన్సిడెంటల్’ అంటారు.

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో రోడ్డు వెడల్పు చేసిన ప్రతిచోటా చెట్టూ చెరువూ ఎందుకు దెబ్బతింటున్నాయని కొందరు అమాయకులు అడుగుతున్నారు. కాంట్రాక్టరును తిడుతున్నారు, ఇంజనీరును అనుమానిస్తున్నారు. ఇద్దరూ నిర్దోషులని ఈ వ్యాసం సవినయంగా మనవి చేస్తోంది. తప్పు పూర్తిగా ప్రకృతిదే. బిల్లు పెట్టుకోవడం చేతకానివాళ్లకు ఏ ఆఫీసులోనైనా పైసా రాలుతుందా? చింతచెట్టు ఏనాడైనా టెండరుకు ముందు పెట్టే ప్రీబిడ్ మీటింగుకు వచ్చిందా? చెరువు తన నష్టానికి క్లెయిమ్ వేసిందా?

డిజైను నుంచి నిర్మాణం దాకా ఒకే ధరకు ఒకరికే అప్పగించే ఈపీసీ కాంట్రాక్టులో షెడ్యూలు హెచ్ అని ఒకటుంటుంది. మొత్తం ధరను ముక్కలు చేసి, రోడ్డు పనులకు ఇంత శాతం, వంతెనలకు ఇంత, కల్వర్టులకు ఇంత, మిగతా పనులకు ఇంత అని పంచుతుంది. కూడితే సరిగ్గా 100. ఆ వందలో ‘లేవని దుమ్ము’కు, ‘కూలని చెట్టు’కు, ‘తవ్వని గుట్ట’కు వాటా లేదు. ఒక్కో పనికి విడిగా రేటు కట్టే ఐటమ్ రేటు కాంట్రాక్టయితే ఇంకా తేట. ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎన్ని క్యూబిక్ మీటర్ల కంకర ఎక్కితే అంత బిల్లు. గుట్ట మిగిలిందంటే కాంట్రాక్టరుకు అంత నష్టం.

దీనికి ఎల్1, అంటే అందరికన్నా తక్కువకు వేసినవాడికే పని అన్న పద్ధతి, తోడవుతుంది. ఎస్టిమేటు కన్నా పాతిక శాతం లెస్‌కు వేసి పని తెచ్చుకున్నవాడు ఆ పాతికను ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా. డాంబరు కంకర పొర (డీబీఎం) మందంలో మిగిలిద్దామంటే కోర్ కట్టర్ ఉంది, కోసి స్కేలు పెట్టి చూపిస్తుంది. కాంక్రీటులో సిమెంటు తగ్గిద్దామంటే 28వ రోజు క్యూబులు ప్రెస్సులో నలిగి సాక్ష్యం చెబుతాయి. మట్టి సరిగా తొక్కించకపోతే సాండ్ రీప్లేస్‌మెంట్ టెస్టులో బయటపడుతుంది. ఇన్ని కాపలాల మధ్య దిక్కుమొక్కు లేకుండా మిగిలేది నీళ్ల ట్యాంకరు ఒక్కటే. నిన్న చల్లాల్సిన నీళ్లకు ఇవాళ కోర్ తీసే మిషను ఇంకా రాలేదు.

ట్యాంకరు లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు. 10,000 లీటర్ల ట్యాంకరు, 7 మీటర్ల వెడల్పు దారి మీద చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున చల్లితే 1.4 కిలోమీటర్లకు సరిపోతుంది. 10 కిలోమీటర్లు మట్టి మీదే ఉంటే ఒక్క దఫాకు ఏడు ట్యాంకర్లు. మే నెలలో, మన ఎండకు, రెండు గంటలకొకసారి చల్లినా పగటి పూట ఐదు దఫాలు. అంటే 35 ట్యాంకర్లు, మూడున్నర లక్షల లీటర్లు. ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిన మర్రిగూడ ప్రాంతం ఉన్న జిల్లాలో, రోజుకు మూడున్నర లక్షల లీటర్లు దుమ్ముకు తాగించాలి. ఇది ఎవరి బోరు నుంచి వస్తుందో 111వ క్లాజు చెప్పదు. చెప్పనక్కర్లేదు కూడా, ఎందుకంటే రాదు. పొద్దున తొమ్మిదికి ఆఫీసర్ల కారు వచ్చే ముందు ఒక ట్యాంకరు వస్తుంది, ఫొటో దిగుతుంది, వెళ్తుంది.

అసలు 10 కిలోమీటర్లు ఒకేసారి మట్టి మీద ఎందుకున్నాయి? ఇక్కడే కాంట్రాక్టు గొప్పతనం. కట్ట పోస్తే స్టేజి పేమెంట్, దాని మీది గట్టి మట్టి పొర సబ్‌గ్రేడ్‌కు మరొకటి, ఆపై పొర జీఎస్‌బీకి ఇంకొకటి. పైసలు పైకి రావాలంటే ఉన్న మిషన్లన్నీ దించి పొడవునా మట్టి పోయాలి. తర్వాత కరెంటు స్తంభాలు మారలేదని, భగీరథ పైపు అడ్డమొచ్చిందని, నడుమ నాలుగెకరాల పరిహారం కోర్టులో ఉందని పని ఆగుతుంది. ఆగింది పని ఒక్కటే. లారీలూ బస్సులూ ఆ మట్టి మీదే పోతుంటాయి. రోడ్డును తెరిచినందుకు డబ్బిచ్చే కాంట్రాక్టు, మూసే తొందర పెట్టకపోతే దుమ్ము లేవక ఏం చేస్తుంది?

ఆ దుమ్ము పోయి వాలేది నల్గొండ బత్తాయి తోటల మీద. ఆకు మీద దుమ్ము పొర పేరుకుంటే నల్లిని తినే మిత్రపురుగులు అక్కడ బతకలేవు, నల్లి బతుకుతుంది. నల్లి పెరిగితే కాయ మీద మంగు వస్తుంది. పచ్చగా నిగనిగలాడాల్సిన తోలు తుప్పు పట్టినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. లోపల రసం ఎప్పటిలాగే ఉన్నా మార్కెట్లో మంగు కాయ రేటు వేరు. రోడ్డంచున ఉన్న నాలుగు వరుసల చెట్లలో రైతు మందు కొట్టిస్తాడు, కూలి ఇస్తాడు, చివరికి దళారి ముందు తల వంచుతాడు. రోడ్డు ఎస్టిమేటులో ఉండాల్సిన ఖర్చు రైతు ఖాతాలో ఎంత చక్కగా సర్దుకుందో చూడండి. దీన్నే ఆర్థికవేత్తలు ఏదో పెద్ద పేరుతో పిలుస్తారు. మనం ఇన్సిడెంటల్ అందాం.

ఇక మట్టి. సాగుభూమిలో మట్టి తీయాల్సి వస్తే పైనున్న 15 సెంటీమీటర్ల సారపు మట్టిని తీసి పక్కన పోగు పెట్టాలి, ఆ కింద 30 సెంటీమీటర్లకు మించి తవ్వకూడదు, అయ్యాక సారపు మట్టిని మళ్లీ పరవాలి అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో రాసింది. మామూలు జాగాలో లోతు 1.5 మీటర్లు దాటొద్దని స్పెసిఫికేషన్. చాలా బాగుంది. ఇప్పుడు కాగితం తీసుకోండి. నాలుగు వరుసల రోడ్డు, పైన 25 మీటర్ల వెడల్పు, సగటున 3 మీటర్ల ఎత్తు కట్ట, పక్క వాలు ఒకటికి రెండు. ఒక్క కిలోమీటరుకు 93,000 క్యూబిక్ మీటర్లు, తొక్కిస్తే కుదించుకుపోయేది కలపకుండానే. దీన్ని 30 సెంటీమీటర్ల లోతున తీయాలంటే దాదాపు 77 ఎకరాలు కావాలి. మీటరున్నర లోతున అయితే 15 ఎకరాలు. 6 మీటర్లు తవ్వితే నాలుగెకరాల లోపే. మనవాళ్లు ఎంత పొదుపరులో తెలిసిందా? భూమిని వృథా చేయకూడదన్న ఒక్క ఆశయంతో ఇరవై అడుగులు దిగుతారు. వానాకాలం అది నిండితే పక్కూరి పిల్లలకు ఈత గుంట. కంచె వేయమని కాంట్రాక్టులో ఉంది. కంచెకు ఐటమ్ లేదు.

ఈ పొదుపుకు ప్రభుత్వం కూడా అండగా నిలిచింది. రోడ్లు, పైపులైన్ల వంటి పొడవాటి పనులకు మట్టి తవ్వితే పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంత మట్టి, ఎక్కడి నుంచి అన్న చిల్లర ప్రశ్నలు అందులో లేవు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. నాలుగేళ్లలో తవ్విన గుంతలు మాత్రం తీర్పు కాపీ అందలేదని అలాగే ఉన్నాయి.

మట్టికి బదులు బూడిద వాడొచ్చు కదా అంటారు తెలివైనవాళ్లు. నిజమే. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 2021 డిసెంబర్ 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్డు కట్ట పోసేవాళ్లు, ప్లాంటు తన రవాణా ఖర్చుతో బూడిదను సైటుకు ఉచితంగా చేరిస్తే, వాడి తీరాలి. దామరచర్ల నుంచి 300 కిలోమీటర్లంటే దక్షిణ తెలంగాణ మొత్తం వచ్చేసింది. మరి మొరం ఎందుకు పోస్తున్నారు? సాంకేతిక కారణాలు ఉన్నాయి, కాదనలేం. బూడిదకు జిగట లేదు, వానకు కొట్టుకుపోతుంది. కాబట్టి పక్కలకూ పైనా మట్టి కప్పు వేయాలి. ప్రతి పొరా తడిగా ఉంచి తొక్కించాలి, ఆరితే బత్తాయి తోటలోకే పోతుంది. హైవా టిప్పర్లు టార్పాలిన్ కట్టుకుని రావాలి. ఇవన్నీ చేయగలిగినవే, దేశంలో చాలాచోట్ల చేశారు కూడా. అసాంకేతిక కారణం ఒకటుంది. మొరం సబ్ కాంట్రాక్టు ఎవరిదో మండలంలో అందరికీ తెలుసు. బూడిదకు అలాంటి పెద్దమనిషి ఇంకా దొరకలేదు. పైగా ఎవరు తేవాలన్నది రెండు సంస్థల మధ్య ఉత్తరంగా తిరుగుతుంటుంది: ‘మేం ఇస్తాం, మీరు తీసుకెళ్లండి’, ‘మీరు తెండి, మేం వాడతాం’. ఉత్తరాలు తిరిగే లోపు కట్ట పూర్తవుతుంది. టెండరు పిలిచే రోజుకే ప్లాంటుతో ఒప్పందం కుదిరి, రోజుకు ఎన్ని టన్నులో షెడ్యూలులో రాసి ఉంటే ఈ పోస్టల్ సేవ తప్పేది.

చెరువు మట్టి సంగతి ఇంకా రమ్యం. చెరువు పూడిక తీస్తే రోడ్డుకు మట్టి, ఊరికి నీళ్లు అని సభల్లో చెబుతారు. చెరువులో పైన ఉండేది ఒండ్రు. అది చేలకు బంగారం, రోడ్డుకు శత్రువు. ఉబ్బే గుణం 50 శాతం దాటిన మట్టిని కట్టలో పోయొద్దు, సబ్‌గ్రేడ్‌కు సీబీఆర్ (మట్టి బరువు మోసే బలానికి కొలత) కనీసం 8 శాతం కావాలి. ఒండ్రు ఈ పరీక్షల దగ్గరే ఆగిపోతుంది. రోడ్డుకు కావాల్సింది దాని కింది మొరం. కాబట్టి ఒండ్రును రైతులకు దానం చేసి ఫొటో దిగి, కింది మొరం కోసం లోతుకు పోతారు. ఇన్నేళ్లు నీరు ఇంకకుండా అడుగున పరుచుకున్న పొర కాస్తా పోతుంది. మరుసటి ఏడు చెరువు నిండుతుంది, సంక్రాంతి నాటికి ఇంకుతుంది. దాన్ని భూగర్భజలాల పెంపు కింద రాసుకోవచ్చు. ఎంత లోతున ఆపాలో ముందే లెవెళ్లు తీసి, గట్టు మీద రాయి పాతి, ఆ లెవెల్ దాటిన మట్టికి పైసా ఇవ్వమని ఒక్క లైను రాస్తే చాలు. ఆ లైను రాసినవాళ్లు మాత్రం కనబడటం లేదు.

చెట్ల విషయంలో మనం ఎవరికీ తీసిపోము. 2015 గ్రీన్ హైవేస్ పాలసీ ప్రాజెక్టు ఖర్చులో 1 శాతం మొక్కలకే కేటాయించమంది. గుంత 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. ఎరువు, మొక్క, కట్టె, కంచె. నాటిన రోజు జియోట్యాగ్ ఫొటో, బిల్లు పాస్. ఇక ఆ మొక్క బతకాల్సిన అవసరం ఎవరికుంది? జులైలో నాటింది మార్చికి ఎండుతుంది, ఎందుకంటే నీళ్ల ట్యాంకరు ఆ నెలలో కల్వర్టు క్యూరింగుకు పోయింది. క్యూరింగుకు ఐటమ్ ఉంది మరి. మళ్లీ జులైలో అదే గుంతలో కొత్త మొక్క. ఒక్కో గుంత ఎందరు వారసులను చూస్తుందో! మీడియన్‌లో గన్నేరు, కాగితం పూలు మాత్రం బతుకుతాయి. వాటికి కాంట్రాక్టు మీద నమ్మకం లేదు, సొంత మొండితనం మీదే ఆధారపడతాయి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు. ఆ ఏడొందల ఏళ్ల చెట్టు చేసిన ఒకే ఒక్క తెలివైన పని రోడ్డు అలైన్‌మెంటులో మొలవకపోవడం. మొలిచి ఉంటే ‘1 చెట్టు, ప్రత్యామ్నాయంగా 10 మొక్కలు’ అని రిజిస్టరులో రాసుకునేవాళ్లం. నీడ లెక్క చూస్తే పది గన్నేరు మొక్కలకు అది సమానమేనని ఏ ఆడిటరూ అభ్యంతరం చెప్పడు.

ప్లాస్టిక్ రోడ్ల గురించి రెండు ముక్కలు. డాంబరు బరువులో 6 నుంచి 8 శాతం వ్యర్థ ప్లాస్టిక్, సన్నగా తురిమి, వేడి కంకర మీద డాంబరు కన్నా ముందే పడాలి. 7 మీటర్ల రోడ్డుకు 40 మిల్లీమీటర్ల బీసీ, అంటే పై డాంబరు పొర, వేస్తే కిలోమీటరుకు రెండు నుంచి మూడు టన్నులు పడుతుంది. 5 లక్షల జనాభా దాటిన పట్టణాలకు 50 కిలోమీటర్ల లోపు ఇది వాడమని 2015లో ఆదేశం వచ్చింది. హైదరాబాద్ నుంచి కొలిస్తే చౌటుప్పల్ దాకా వచ్చేసరికి ప్లాస్టిక్‌కు డాంబరుతో ఉన్న బంధుత్వం దాదాపు తెగిపోతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్‌లకు ఆ జనాభా లేదు, కాబట్టి వాటి చెత్త చెత్తగానే స్వతంత్రంగా బతకొచ్చు. బంధుత్వం ఉన్నచోటా తురుము తడిగా వస్తుంది, పీవీసీ కలిసి వస్తుంది, లేదా రాదు. ‘వాడాలి’ అని రాసిన కాంట్రాక్టు ‘ఎవరు తేవాలి’ అని రాయదు. బూడిద కథే.

వార్మ్ మిక్స్ కూడా ఉంది. మామూలు డాంబరు మిశ్రమం 150 నుంచి 165 డిగ్రీలు అడిగితే ఇది 20, 30 డిగ్రీలు తక్కువలో తయారవుతుంది. ఇంధనం మిగులు, పొగ తక్కువ, పేవర్ వెనక నిలబడే పాలమూరు లేబర్ ఊపిరితిత్తులకు కాస్త ఊరట. కానీ పాత పద్ధతిలో రోడ్డు చెడితే తప్పు వానది, కొత్త పద్ధతిలో చెడితే తప్పు దానికి సరేనన్న ఇంజనీరుది. ఈ సూత్రం ఏ క్లాజులోనూ లేదు, అన్ని క్లాజుల కన్నా గట్టిది.

పర్యావరణ అనుమతి అనే పెద్ద గండం ఎలా దాటాలో కూడా చెప్పుకోవాలి. 2013 సవరణ ప్రకారం, ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకునే భూమి వెడల్పు పాత దారి వెంట 40 మీటర్లు, కొత్త మలుపులూ బైపాస్‌ల దగ్గర 60 మీటర్లు దాటితేనే అనుమతి కావాలి. కత్తెర అన్న వస్తువు అందుకే కనిపెట్టారు. తమిళనాడులో 179 కిలోమీటర్ల విళుపురం–నాగపట్నం దారిని నాలుగు ప్యాకేజీలు చేసిన వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అనుమతి తప్పించుకునే ఎత్తుగడగా ముక్కలు చేయడం కుదరదని 2021 జనవరిలో కోర్టు చెప్పింది. మంచి మాటే. అయితే ప్యాకేజీలు చేయడానికి వెయ్యి కారణాలుంటాయి, ఎత్తుగడ అని ఏ ఫైలులోనూ రాసి ఉండదు.

నెదర్లాండ్స్‌లో రోడ్ల సంస్థ రైక్స్‌వాటర్‌స్టాట్ చేస్తున్న అరాచకం ఇప్పుడు చూడండి. బిడ్డరు వాడబోయే కంకర, డాంబరు, స్టీలు, రవాణా అన్నీ డ్యూబోకాల్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, పర్యావరణానికి జరిగే నష్టాన్ని డబ్బుల్లోకి మారుస్తారు. టెండరు తేల్చేటప్పుడు ఆ అంకెను కూడా చూస్తారు. ఉదాహరణకు ఒకడు 100 కోట్లకు వేశాడు, వాడి నష్టం లెక్క 12 కోట్లు. ఇంకొకడు 103కు వేశాడు, వాడి లెక్క 6. కూడితే మొదటివాడు 112, రెండోవాడు 109. పని రెండోవాడిది. చెల్లించేది 103 కోట్లే, మిగతాది పోటీ కోసం వేసిన లెక్క. రాసిచ్చిన మాట పని అయ్యాక నిలబడకపోతే జరిమానా. ఇలాంటివి ఇక్కడికి వస్తే ఎల్1 గతేం కావాలి? పాతిక శాతం లెస్‌కు వేసిన ఘనుడు నష్టం లెక్కలో కొట్టుకుపోతే టెండరు వ్యవస్థ పవిత్రత ఏం కావాలి?

విచిత్రం ఏమిటంటే ఈ విషయంలో కాంట్రాక్టర్లే అందరికన్నా సూటిగా ఉన్నారు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: ‘ఐటమ్ పెట్టుండ్రి సార్, రేటు ఇయ్యుండ్రి, చెయ్యకపోతే అప్పుడు అడుగుండ్రి.’ ఇందులో వ్యంగ్యం లేదు.

కాబట్టి, వ్యవస్థను కాపాడాలన్న సదుద్దేశంతోనే, షెడ్యూలు హెచ్‌లో కొన్ని గడులు చేర్చాలని ప్రతిపాదన. మట్టి మీద తెరిచి ఉంచే పొడవుకు హద్దు పెట్టాలి, 3 కిలోమీటర్లనుకుందాం. వెనకటి ముక్కలో తడి కంకర పొర (వెట్‌మిక్స్) అయి, దాని మీద ప్రైమ్ కోట్ (చదరపు మీటరుకు 0.7 నుంచి 1 కిలో డాంబరు ఎమల్షన్) పడేదాకా ముందు ముక్కలో మట్టికి స్టేజి పేమెంట్ ఆగాలి. నీళ్ల కన్నా ఇదే చవక, దుమ్మును పుట్టనీయదు. మొక్కకు నాటిన రోజు 30 శాతమే ఇవ్వాలి, మిగతాది మూడు ఎండాకాలాలు దాటి ఆకుతో నిలబడితే వాయిదాల్లో. మట్టి గుంతకు ముందు, తర్వాత డ్రోన్ లెవెళ్లు తీయాలి, సారపు మట్టి తిరిగి పరిచి రైతు సంతకం పెట్టేదాకా ఆ మట్టి బిల్లులో పదో వంతు ఆపాలి. సంతకం ఊరికే రాదు, అది రైతుకు తెలుసు.

చివరిగా కోతల విషయం. నీళ్లు చల్లలేదని బిల్లులో కోసిన డబ్బు ఖజానాకు పోతే దుమ్ము దుమ్ముగానే ఉంటుంది. పని చేయని కాంట్రాక్టరు ఖర్చుతో ఆ పనిని వేరొకరితో చేయించే హక్కు కాంట్రాక్టుల్లో ఎప్పటి నుంచో ఉంది, కల్వర్టులకు వాడతారు. దుమ్ముకూ వాడొచ్చు. తెలంగాణలో ప్రతి గ్రామపంచాయతీకి ఒక ట్రాక్టరు, ఒక ట్యాంకరు ఉన్నాయి. కోసిన డబ్బు ఆ రోజే పంచాయతీ ఖాతాలో పడి, ఊరి ముందు రెండు కిలోమీటర్లకు ట్రిప్పుకింత అని రేటు కట్టిస్తే సరి. ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టడానికి, ప్రభుత్వం తరఫున పని చూసే ఆథారిటీ ఇంజనీరు అక్కర్లేదు, రోడ్డు మీది హోటలాయన చాలు. ఆ ట్రాక్టరుకు డీజిల్ ఎవరు పోయాలని ప్రతి నెలా తల పట్టుకునే సర్పంచికి కూడా ఒక దారి దొరుకుతుంది.